నత్తగుల్లల సాక్ష్యం

ఆ పొద్దున కొండయ్య పెట్టుకున్న పనులు రెండే. ఒకటి, మిగిలిన జొన్నసంగటి మజ్జిగలో పిసుక్కుని తాగడం. రెండు, తన నాలుగెకరాల చేను గడ్డిపోచకు కూడా పనికిరాదని సర్కారు చేత ఒప్పించడం. మొదటి పని పొద్దెక్కక ముందే అయిపోయింది.

కొండయ్యది గరువుపల్లె. మార్కాపురానికీ కురిచేడుకీ మధ్య, రైలు కూత వినిపించేంత దగ్గరలో, రైలు ఎక్కాలంటే పూట నడవాల్సినంత దూరంలో ఉంటుంది. ముప్పై ఏళ్ల కిందట సర్కారు మనుషులు వచ్చి, ప్రతి చేనులో మట్టి చూసి, దానికో తరం కట్టి పోయారు. మంచి మట్టికి పై తరం, ఎక్కువ శిస్తు. చెడ్డ మట్టికి కింది తరం, తక్కువ శిస్తు. ఇప్పుడు ఆ తరాలు సరిచూడటానికి మళ్లీ ఒకాయన వస్తున్నాడు. పేరు తెలియదు గనక ఊరు ఆయనకు మట్టి పంతులని పేరు పెట్టుకుంది. ఆయన చేలో గుంట తీయిస్తాడట. మట్టి తడిపి అరచేతుల్లో నులుముతాడట. చిటికెడు నాలుక మీద వేసుకుని, ఆ చేలో మీ ముత్తాత ఏ పంట వేసి ఎంత అబద్ధం చెప్పాడో కూడా చెప్పేస్తాడట.

కొండయ్య నాయన కాలంలో ఆ చేను అట్టడుగు తరం. అంతకంటే అడుగున ఇంకో తరం లేక అక్కడ ఆగారు. అంతా ఎర్ర గరుసు, గులకరాళ్ల మట్టి. నాగలి దించితే ఎద్దులు వెనక్కి తిరిగి, నిజంగానే అంటున్నావా అన్నట్టు చూసేవి. మొదట నాయన, తర్వాత కొండయ్య, మొత్తం ఇరవై రెండు వేసవులు, చెరువు ఎండగానే అడుగుమట్టి బండ్ల మీద తోలి ఆ గరుసు మీద పరిచారు. పాలేరు ఏలీయా తవ్వేవాడు. అతని భార్య మార్తమ్మ గంపకెత్తి నెత్తిన మోసేది. ఇప్పుడా చేను మోకాలి లోతు నల్లగా ఉంది. జొన్న వేస్తే కంకి కోయడానికి మనిషి మునివేళ్ల మీద లేవాలి. కొండయ్య భయమంతా ఆ నలుపు గురించే.

పక్కన మునసబు కాటమరాజు పొలం, యాభై ఎకరాలు. పుట్టుకతోనే నల్లరేగడి. పైన రాళ్లున్నాయని పాత లెక్కలో తరం బాగా తగ్గించి రాశారు. అప్పటినుంచీ ఆ రాళ్లను కాటమరాజు ఇంటివాళ్లు బంగారంలా కాపాడుకుంటూ వచ్చారు. సగం పొలం బీడే. వానలు తప్పిన ఏడు సర్కారు శిస్తులో కొంత వదిలేస్తుంది, దాన్ని రెమిషను అంటారు. ఆ రెమిషను ఊళ్లోకి రాగానే ముందుగా కాటమరాజు ఇంట్లో కాళ్లు కడుక్కునేది. చాలాసార్లు అక్కడే ఉండిపోయేది.

"నాలుగు దినాల్లో వస్తాడంట," అన్నాడు కొండయ్య చెంబు కింద పెట్టి. "ఈ మన్ను చూసినాడంటే శిస్తు మూడింతలు రాస్తాడు. మూడింతలైతే రెండేండ్లలో చేను కాటమరాజు మామ చేతికి పోతది. ఇప్పటికే గట్టు మీద నిలబడి చూస్తన్నాడు, పెండ్లిచూపులకు వచ్చినోని మాదిరి."

"మన్ను తోలుకున్నది మనం గదా. దానికి వాళ్లు శిస్తు ఎట్లేస్తారు?" అంది భార్య మాలకొండమ్మ.

"నడుము మనదే. మన్ను సర్కారుది."

"పోయి ఆయప్పనే అడుగు. నోరుండాది గదా నీకు."

"సర్కారోణ్ణి అడగడమా? అడిగినందుకు ఇంకో అణా ఏస్తాడు."

ఊళ్లో అందరి లెక్కా అదే. ఆ వేసవి చెరువు ఎండి నెల దాటినా ఒక్క బండీ అందులోకి దిగలేదు. చేను బాగుపడితే శిస్తు పెరుగుతుందన్నాక గంప ఎత్తేదెవరు? చెరువు అడుగున బంగారంలాంటి మట్టి ఎవరికీ అక్కర్లేనిదై పగుళ్లిచ్చి పడి ఉంది.

కొండయ్య పథకం సులువైనది. కాటమరాజు బీడులోంచి రాళ్లు తోలుకొచ్చి తన చేను నిండా పరచడం, పంతులు పోయాక ఏరేయడం. ఏలీయా ఆ మాట విని గడ్డపార మీద గడ్డం ఆనించాడు.

"ఇరవై రెండేండ్లుగా ఏరినాం గదన్నా రాళ్లు. ఇప్పుడు మళ్లీ పోసుకుందామా?"

"నాలుగు దినాలే రా."

"పోయడం నాలుగు దినాలే. ఏరడం?"

కొండయ్య ఆ ప్రశ్నను వినని వాటిలో కలిపేశాడు. రాళ్లు పడుతుంటే మార్తమ్మ చేలో వంగి, అడ్డంగా పరుగెత్తుతూ చిన్న గంపలోకి ఏవో ఏరుకుంటోంది. ప్రతి వేసవీ ఆ చేలో నత్తగుల్లలు ఏరి, కాల్చి, సున్నం చేసి ప్రార్థన గుడి గోడలకు వేస్తుంది ఆమె.

"నా గుల్లల మీద ఏస్తన్నావన్నా రాళ్లు. గుడికి సున్నం యాడి నుంచి తేవాల?"

"నీ గుల్లలు యాడికి పోతాయి మార్తమ్మా?"

"వచ్చినాయి గదా యాడి నుంచో. పోవడం తెలవదా?"

ఆ మాటను కూడా కొండయ్య వినని వాటిలో కలిపేశాడు. ఆ వారం అవి చాలా పోగయ్యాయి.

మర్నాడు గట్టు మీద గొడుగు కనిపించింది. దాని కింద కాటమరాజు ఉన్నాడు.

"ఏం అల్లుడా, నా రాళ్లతో నీకేం పని?"

మునసబంటే ఊళ్లో సర్కారు కన్ను. నిజం చెప్పే వీలులేదు. కొండయ్య ఆకాశం వైపు చూశాడు. ఆకాశం ఏమీ చెప్పలేదు గానీ సరిగ్గా అప్పుడే దూరంగా రైలు కూసింది.

"రైలోళ్లకు మామా. పట్టాల కింద ఏసేదానికి కురిచేడు టేషన్ కాడ కొంటన్నారంట."

"బండి ఎంత?"

"ఎనిమిదణాలు."

కాటమరాజు చేలో రాళ్లను కళ్లతోనే లెక్కపెట్టుకున్నాడు. "మరి కురిచేడుకు తోలకుండా చేలో ఎందుకు పరుస్తన్నావు?"

ఇది మంచి ప్రశ్న. కొండయ్య జీవితంలో అంత మంచి ప్రశ్నకు అంత త్వరగా జవాబు చెప్పింది లేదు.

"ఆరబెడతన్నా మామా. పచ్చిరాయి తీసుకోరంట."

కాటమరాజు చాలాసేపు ఆలోచించాడు. రాయి తడిగా ఉంటే బరువెక్కువ, బరువెక్కువైతే రైలు కంపెనీకి నష్టం, కంపెనీ వాళ్లు తెల్లదొరలు, తెల్లదొరలు నష్టానికి ఒప్పుకోరు. ఎటునుంచి చూసినా నిజంలాగే ఉంది. "నా రాళ్లు ఇంకొక్కటి ముట్టుకుంటే ఊరుకోను," అని చెప్పి వడివడిగా ఇంటికి పోయాడు.

సాయంత్రానికి ఇరవై మంది కూలీలు అతని యాభై ఎకరాల్లోకి దిగారు. ముప్పై ఏళ్లుగా ఒక్కటి కూడా కదలని రాళ్లు రెండు రోజుల్లో బండిబాట పక్కన గుట్టయ్యాయి. మునసబే ఏరిస్తున్నాడంటే అందులో ఏదో ఉందని ఊరంతా చేల మీద పడింది. బండి ధర మధ్యాహ్నానికి రూపాయైంది. దీపాల వేళకు గుండ్రాయికి వేరే ధర, పలకరాయికి వేరే ధర వచ్చాయి. ఆడవాళ్లు మిద్దెల మీద రాళ్లు పరిచి, రెండో వైపు కూడా ఎండాలని నడిమధ్యాహ్నం లేచి తిప్పి పెట్టారు. పిచ్చమ్మ అనే ముసలమ్మ తన రాళ్లకు కాకులు రాకుండా కాపలా కూర్చుంది. కాకులు ఒక్క రాయి కూడా తీసుకుపోలేదని ఆమె ఇప్పటికీ గొప్పగా చెబుతుంది.

పంతులు వచ్చే ముందురోజు కొండయ్య పగ్గాలు కొనడానికి మార్కాపురం పోయాడు. పొద్దు వాలాక తిరిగి వచ్చి చేను చూసి బాటలోనే కూలబడ్డాడు. చేలో ఒక్క రాయి లేదు. నల్లటి మట్టి, దువ్వి నూనె రాసినట్టు, ఆ చివరి నుంచి ఈ చివరి దాకా మెరుస్తోంది.

"రాళ్లేవే?" అని అరిచాడు ఇంట్లోకి పోయి.

"ఊళ్లో వాళ్లంతా గంపలు తెచ్చుకుని ఏరుకపోయినారు. నువ్వే పిలిపించినావనుకున్నా," అంది మాలకొండమ్మ. "ఎంత శ్రద్ధగా ఏరినారో. ఎండకు పడిపోతారని మజ్జిగ కూడా పోసినా."

మట్టి పంతులు అసలు పేరు బ్రహ్మం. కోస్తా వైపు మనిషి. సన్నగా, గొడుగుకు తోడుగా వచ్చినట్టు ఉన్నాడు. వెంట గడ్డపార పట్టుకున్న బంట్రోతు, చంకలో లావాటి రిజిస్టరు. ఊళ్లోకి వస్తూనే మిద్దెల మీద రాళ్లు తిప్పుతున్న ఆడవాళ్లను చూశాడు. ఏమీ అడగలేదు. అప్పటికి నలభై ఊళ్లు చూసి వచ్చిన మనిషి ఆయన, ఆశ్చర్యపోవడం ఏడో ఊళ్లోనే మానేశాడు.

కొండయ్య చేలో గుంట తీయించాడు. మోకాలి లోతు నల్లమట్టి, దాని కింద ఎర్ర గరుసు. పిడికెడు తడిపి నులిమాడు. అది పురికొసలా సాగింది. నాలుక మీద మాత్రం వేసుకోలేదు, అందుకు చూడవచ్చిన వాళ్లలో కొందరు నొచ్చుకున్నారు.

"ఇదేమిటయ్యా, పాత రిజిస్టరులో గరుసు నేల అని ఉంది. చెరువుమట్టి ఏమైనా తోలారా?"

కొండయ్య లోలోపల లెక్క వేసుకున్నాడు. తోలామంటే మట్టి మంచిదని నోటితో ఒప్పుకున్నట్టే గదా!

"లేదు సామీ. ఒక్క గంప కూడా తోలలేదు. మా తాత నాటి నుంచి ఇట్లనే ఉండాది."

ఏలీయా నోరు తెరిచాడు. కొండయ్య అతని కాలు తొక్కాడు. ఏలీయా నోరు మూసుకున్నాడు.

"గట్టిగానే చెబుతున్నావా?"

"మాలకొండ సామి మీద ఒట్టు."

మాలకొండమ్మ మొహం అటు తిప్పుకుంది.

"అయ్యో," అన్నాడు బ్రహ్మం, నిజంగా బాధపడుతూనే. "రైతు సొంత కష్టంతో చేను బాగుచేసుకుంటే దాని మీద శిస్తు పెంచకూడదని సర్కారు ఉత్తర్వుంది. మట్టి తోలినా, బావి తవ్వినా, రాళ్లు ఏరినా సరే, పాత తరమే ఉంచాలి. తోలామని ఉంటే ఒక్క ముక్క రాసి ముందుకు పోయేవాణ్ణి. తాతల నాటి మట్టే అంటున్నావు గనక, అప్పటి గుమాస్తా తప్పు రాశాడన్న మాట. ఇక నీది పైనుంచి రెండో తరం."

ఆ ఉత్తర్వు పుట్టి ఎన్నేళ్లయిందో గానీ, గరువుపల్లెకు రావడానికి దానికి బండి దొరకలేదు.

"తోలినాం సామీ!" అని కొండయ్య ఆయన గొడుగు పట్టుకున్నాడు. "ఇరవై రెండేండ్లు తోలినాం!"

"నిబంధన చెప్పాక అందరూ తోలినవాళ్లే. నిన్నటి ఊళ్లో ఒకాయన పక్కనున్న కొండ కూడా తనే తోలానన్నాడు. మునసబుగారు ఏమంటారు?"

కాటమరాజు చేను వైపు చూశాడు. కొండయ్య వైపు చూశాడు. సంబంధం ఖాయమైనట్టు మీసం దువ్వుకున్నాడు.

"ఈ ఊళ్లో ఎవరూ ఏదీ బాగుచెయ్యలేదు పంతులుగారూ. మన్ను తోలింది లేదు, రాయి కదిపింది లేదు. తాతల నాడు ఎట్లుండెనో అట్లనే ఉండాయి అందరి చేలు, నాయి కూడా."

"రాసి సంతకం పెడతారా?"

పెట్టాడు. కింద ఒక గీత కూడా గీశాడు.

కొండయ్య గుంట పక్కన కూర్చుండిపోయాడు. నాయన చివరి వేసవి గంప ఎత్తలేకపోయాడు. అయినా ఇంట్లో ఉండలేక, చెరువు నుంచి చేను దాకా బండి పక్కన ఊరికే నడిచేవాడు, మట్టికి తోడుగా. ఆ నడకంతా ఇప్పుడు లేనట్టే. లేదన్నది కాటమరాజు కాదు, సర్కారు కూడా కాదు. వాళ్లకంటే ముందు తనే ఒట్టేసి లేదన్నాడు.

మార్తమ్మ వచ్చి గుంటలోంచి తీసిన మట్టికుప్పలో చెయ్యి పెట్టింది. కాసేపు కెలికి, అరచేయి పంతులు ముందు చాపింది.

"ఇవేంది సామీ?"

"నత్తగుల్లలు."

"నత్తలు యాడుంటాయి?"

"నీళ్లలో ఉంటాయి."

"చెరువు కోసు దూరం. ఇది గరువు, మెట్టనేల. మరి ఇన్ని నత్తలు ఇంత దూరం నడిచొచ్చినాయా, కొండయ్యన్న తరపున శిస్తు కట్టేదానికి?"

బ్రహ్మం గొడుగు మూశాడు. ఆ వేసవిలో ఆయన గొడుగు మూయడం అదే మొదటిసారని బంట్రోతు తర్వాత చెప్పాడు.

"చాలకపోతే రాండి," అంది మార్తమ్మ. "మా ప్రార్థన గుడి గోడలు చూపిస్తా. పదేండ్ల సున్నం, అంతా ఈ చేలో గుల్లలే."

బ్రహ్మం ఇంకో రెండు గుంటలు తీయించాడు. రెంటిలోనూ గుల్లలే. పోల్చి చూద్దామని కాటమరాజు చేలోనూ ఒకటి తీయించాడు. నిలువు లోతు నల్లరేగడి, ఒక్క నత్త లేదు. ఎవరి చెమటా అంటని మట్టి. ఆయన రెండో తరం కొట్టేసి, 'రైతు సొంత కష్టముతో చేసిన బాగు, పాత తరమే' అని రాశాడు. కొండయ్య గుంట పక్కనుంచి లేచాడు.

తర్వాత కాటమరాజు పేజీ తీశాడు.

"రాళ్లమయం, అందుచేత తరం తగ్గించడమైనది, అని ఉందిక్కడ." ఆయన పొలం మీదుగా కళ్లు తిప్పాడు. "రాళ్లేవండీ?"

"ఏరించినా. మొన్ననే, ఇరవై మంది కూలీలను పెట్టి!"

"రాయి కదిపింది లేదని ఇప్పుడే సంతకం చేశారే."

"అదిగో, ఆ గుట్ట చూడండి!"

"అది కూడా తాతల నాటిదే గదండీ." బ్రహ్మం గొంతులో ఎగతాళి లేదు. చేతిలో సంతకం ఉన్నవాడికి దాని అవసరం ఉండదు. "కొండయ్యది పరాయి చేను, మట్టి సంగతి మీకు తెలియక రాశారనుకుంటాను. సొంత చేను సంగతి కూడా తెలియదంటే, తప్పుడు కాగితం ఇచ్చిన మునసబని పైకి రాయాల్సి వస్తుంది. రాయమంటారా?"

కాటమరాజు మునసబు పనినీ యాభై ఎకరాల శిస్తునూ లోపల తూచుకున్నాడు. చెమట పట్టింది. ఆయన చేలో చెమట పడటం అదే మొదలు.

"వద్దులెండి," అన్నాడు.

పంతులు ఆ పేజీలో పై తరం రాసి రిజిస్టరు మూస్తుండగా మార్తమ్మ మళ్లీ అడిగింది. "రైతు కష్టమని రాస్తిరి గదా సామీ. రైతంటే ఎవరు?"

"పట్టా ఎవరి పేరున ఉంటే వారమ్మా."

"గంప మోసినోళ్లు?"

"గంపలకు గడి లేదమ్మా ఇందులో." ఆ మాట అనేటప్పుడు ఆయన రిజిస్టరు వైపు చూశాడు, మార్తమ్మ వైపు కాదు.

మార్తమ్మ కొండయ్య వైపు తిరిగింది. "రెండో తరమైతే ఏడాదికి ఎంత ఎక్కువ కట్టేటోనివన్నా?"

"ఆరు రూపాయలు."

"అది మిగిలింది గదా. అందులో సగానికి జొన్నలు మాకు కొలువు, జీతం కాక. ప్రతి ఏడూ."

"ఏలీయా, ఏందిరా ఇది?" అన్నాడు కొండయ్య.

"నా కాలు ఇంకా నొప్పిగానే ఉండాదన్నా," అన్నాడు ఏలీయా.

"సగమంటే ఎక్కువ గదా మార్తమ్మా..."

"అయితే గుల్లలు మళ్లీ గుంటలో పూడ్చేస్తా. సామి ఇంకా గట్టు దాటలేదు."

"కొలుస్తాం పో," అంది మాలకొండమ్మ, మొగుడు నోరు తెరిచేలోగా. "ఆ మన్ను ఎవురి నెత్తిన వచ్చిందో నేను చూడలేదా?"

మర్నాడు తెల్లారేసరికి చెరువులో పదిహేడు బండ్లున్నాయి. ఉత్తర్వు ఊరికి చేరి ఒక్క రాత్రే గడిచింది. ప్రతి రైతూ రెండు గంపల మట్టికి ఒక గంప నత్తగుల్లలు ఉన్నాయో లేదో చూసుకుని మరీ తోలాడు. కాటమరాజు రాళ్లు బండిబాట పక్కన అలాగే ఆరుతున్నాయి.

ఆ ఏడు వానలు సగమే పడ్డాయి. చెరువుమట్టి తేమ పట్టి ఉంచడంతో కొండయ్య చేను ఎలాగో పండింది. సర్కారు శిస్తులో సగం రెమిషను ఇచ్చింది. ఆ ధైర్యంతో కొండయ్య జొన్నలు కొలిచేటప్పుడు మార్తమ్మను కూడా, ఈ ఏటికి సగం తగ్గించుకోమని, ఒక మాట అడిగి చూశాడు.

మార్తమ్మ శిస్తులో రెమిషను లేదు.